నలభై ఏళ్ల కంప్యూటర్‌కి మొదటిసారి కరెంటు పెట్టే ముందు

పాత హోమ్ కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజున ఎవరికైనా చేతులు ఊరుకోవు. ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి చూడాలనిపిస్తుంది. ఆ ఒక్క పని ఆ రోజుకి ఆపండి. అంతవరకూ బాగానే ఉండి, సరిగ్గా ఆ స్విచ్‌తోనే పోయిన మిషన్లు చాలా ఉన్నాయి. అలా పోవడానికి కారణం చాలాసార్లు కంప్యూటర్ కాదు, దానికి కరెంటిచ్చే అడాప్టర్. పోయిన చిప్పుల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు. అందుకే ఇక్కడ ఆటల కన్నా, ప్రోగ్రాముల కన్నా ముందు కరెంటు గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

హోమ్ కంప్యూటర్ అంటే కీబోర్డూ మెయిన్‌బోర్డూ ఒకే పెట్టెలో ఉండి, చాలావరకు టీవీకి తగిలించుకుని, స్విచ్ వేయగానే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పలకరించే మిషన్ అనుకోండి. 1977లో ఆపిల్ 2, కమడోర్ పెట్, టీఆర్‌ఎస్-80 ఒకే ఏడాది వచ్చాయి. 1981 చివర్లో బీబీసీ మైక్రో, 1982లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమడోర్ 64, 1983లో ఎంఎస్‌ఎక్స్, 1984లో ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464, 1987లో అమిగా 500 వచ్చాయి. కొత్తవాళ్లు వీటిలో ఒక్కదాన్ని ఎంచుకుని కనీసం ఆరు నెలలు దానితోనే ఉండాలి. ఒక్కో మిషన్‌కి కేబుళ్లు వేరు, జబ్బులు వేరు, విడిభాగాలు వేరు. మూడు మిషన్లు ఒకేసారి పెట్టుకుంటే మూడూ సగం సగం రిపేర్లతో అటక మీదికి చేరతాయి.

ఏది కొనాలి

కొనే ముందు ఎమ్యులేటర్‌లో, అంటే పాత మిషన్‌లా నడిచే ప్రోగ్రాంని ఇప్పటి కంప్యూటర్‌లో పెట్టుకుని, ఒక నెల గడపండి. కమడోర్‌కి వైస్, స్పెక్ట్రమ్‌కి ఫ్యూజ్, అటారీ 8-బిట్ మిషన్లకి ఆల్టిరా, అమిగాకి ఎఫ్‌ఎస్-యూఏఈ, ఎంఎస్‌ఎక్స్‌కి ఓపెన్‌ఎంఎస్‌ఎక్స్ ఉన్నాయి, అన్నీ ఉచితమే. ఏ మిషన్ ఆటలు, ఏ బేసిక్, ఏ శబ్దం మీకు నచ్చుతాయో అక్కడే తేలిపోతుంది. నెల తర్వాత కూడా మనసు అక్కడే ఉంటే అసలు మిషన్ కోసం వెతకండి.

రిపేరు కోణంలో చూస్తే తేడాలు పెద్దవే. తొలి ఆపిల్ 2 దాదాపు మొత్తం మామూలు లాజిక్ చిప్పులతో కట్టింది. ఏది పోయినా దొరుకుతుంది, కాకపోతే బోర్డు మీద చిప్పులు ఎక్కువ. స్పెక్ట్రమ్‌లో యూఎల్‌ఏ అనే ఒక్క ప్రత్యేక చిప్పు తప్ప మిగతావి మామూలువే. కమడోర్ 64లో శబ్దం ఇచ్చే సిడ్, బొమ్మ ఇచ్చే విక్-2, ఏ చిప్పు ఎప్పుడు పలకాలో తేల్చే పీఎల్‌ఏ లాంటివన్నీ ఆ కంపెనీ సొంత చిప్పులు. అయినా మొదటి మిషన్‌గా కమడోర్ 64నే సూచిస్తాం. దానికోసం కొత్తగా తయారవుతున్న అడాప్టర్లు, బదులు చిప్పులు, ఎస్‌డీ కార్డు పరికరాలు ఇప్పటికీ పుష్కలంగా దొరుకుతాయి. పైగా ఏ లక్షణానికి ఏ చిప్పు కారణమో ఈపాటికే ఎంతోమంది తేల్చిపెట్టారు.

అమ్మేవాళ్లు "టెస్ట్ చేయలేదు" అంటే పనిచేయదనే లెక్క వేసుకుని, ఆ ధరకైతేనే కొనండి. పనిచేస్తుందని చెబితే తెర వెలిగి ఉన్న ఫొటో అడగండి. కమడోర్ 64 అయితే ఆ ఫొటోలో ఒక అంకె చూడాలి: 38911. స్విచ్ వేయగానే రెండో వరుసలో, బేసిక్‌కి ఇన్ని బైట్లు ఖాళీగా ఉన్నాయని చూపించే అంకె అది. మెమరీ 64 కిలోబైట్లే, కానీ 2049వ అడ్రసు నుంచి 40959 దాకా ఉన్న భాగమే బేసిక్‌కి దక్కుతుంది, లెక్క వేస్తే సరిగ్గా 38911. మిషన్ లేచేటప్పుడు మెమరీని వరుసగా పరీక్షించుకుంటూ పోతుంది, తప్పు తగిలిన చోట ఆగిపోతుంది. కాబట్టి అక్కడ అంతకన్నా తక్కువ కనిపిస్తే మెమరీలో ఎక్కడో తేడా ఉన్నట్టే. అమ్మేవాళ్లకి ఈ సంగతి తెలియకపోవచ్చు, ఫొటో మాత్రం అబద్ధం చెప్పదు.

ఇంకో రెండు విషయాలు. మిషన్ పాల్ రకమా, ఎన్‌టీఎస్‌సీ రకమా అడగండి, ఇవి రెండు టీవీ సిగ్నల్ పద్ధతులు. పాల్ సెకనుకి 50 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ 60. కమడోర్ 64 వేగం పాల్‌లో 0.985 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీలో 1.023. ఒక రకానికి రాసిన ఆట రెండోదాంట్లో పాట వేగం మారిపోయి, ఒక్కోసారి అసలే నడవకుండా ఇబ్బంది పెడుతుంది. అలాగే అడాప్టర్ 110-120 వోల్టులదా, 220-240 వోల్టులదా అన్నది లేబుల్ ఫొటోలో చదివి మీ ఇంటి కరెంటుతో సరిచూసుకోండి.

అడాప్టర్‌ని నమ్మకండి

ముందు వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనండి. ఈ హాబీలో మొదటి పనిముట్టు స్క్రూడ్రైవర్ కాదు, ఇదే.

కమడోర్ 64తో వచ్చిన ఇటుకలాంటి అడాప్టర్‌లో రెండు సరఫరాలు ఉంటాయి: 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. 5 వోల్టులని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లోపల గట్టిపడిన ఎపాక్సీలో పూడుకుపోయి ఉంటుంది. వేడి బయటికి పోదు, ఏళ్ల తరబడి ఉడికి ఉడికి ఒకరోజు చెడుతుంది. చెడినప్పుడు కరెంటు ఆగిపోతే బాధ లేదు. దురదృష్టవశాత్తు వోల్టేజి పైకి పోతుంది. 5 ఉండాల్సిన చోట 7, 8 వస్తే ముందు పోయేవి మెమరీ చిప్పులు, వాటి వెనకే మిగతావి.

కొలిచే పద్ధతి ఇది. అడాప్టర్‌ని కంప్యూటర్‌కి తగిలించకుండా గోడకి పెట్టండి. ప్లగ్గులో ఏడు పిన్నులు ఉంటాయి, నంబర్లు వరుసగా ఉండవు కాబట్టి ప్లగ్గు బొమ్మ ఎదురుగా పెట్టుకోండి. మధ్యలో ఉండే 2వ పిన్ను గ్రౌండ్, 5వది ప్లస్ 5 వోల్టులు, రెండు చివర్లలో ఉండే 6, 7 పిన్నుల మధ్య 9 వోల్టుల ఏసీ. డీసీ రేంజిలో 2, 5 మధ్య 4.75 నుంచి 5.25 లోపు రావాలి. ఏసీ రేంజిలో 6, 7 మధ్య 9 కన్నా కొంచెం ఎక్కువ వచ్చినా కంగారు లేదు, భారం లేనప్పుడు, అంటే కరెంటు లాగేదేదీ తగిలించనప్పుడు, అలాగే ఉంటుంది. కొలిచేటప్పుడు మీటర్ మొనలు పక్క పిన్నుకి తగలనివ్వకండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. భారం లేకుండా, చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించిన అడాప్టర్ వేడెక్కాక చెడొచ్చు. 5 ఓంల, 10 వాట్ల రెసిస్టర్‌ని 2, 5 పిన్నుల మధ్య తగిలిస్తే ఒక ఆంపియర్ లాగుతుంది, 5 వాట్ల వేడి పుడుతుంది. ఆ రెసిస్టర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి పింగాణీ పలక మీద పెట్టి, అరగంట ఉంచి, మధ్యమధ్యలో కొలవండి. 5.25 దాటితే ఆ అడాప్టర్‌ని పక్కన పడేయండి. ఈ పరీక్ష నెగ్గినా మా సలహా కొత్తగా తయారైన అడాప్టర్ కొనమనే. ఈరోజు బాగున్నది రేపు బాగుంటుందని హామీ లేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

స్పెక్ట్రమ్ సంగతి వేరు. దాని అడాప్టర్ 9 వోల్టుల డీసీ, కానీ ప్లగ్గు మధ్యభాగం మైనస్, బయటిభాగం ప్లస్. ఇప్పటి అడాప్టర్లు చాలావరకు దీనికి తలకిందులు. పాత అడాప్టర్‌కి రెగ్యులేటర్ ఉండదు కాబట్టి భారం లేకుండా కొలిస్తే 12 పైన చూపిస్తుంది, అది తప్పు కాదు. మిషన్ లోపలి 7805 రెగ్యులేటర్ దాన్ని 5కి దించుతుంది. ఆమ్‌స్ట్రాడ్ సీపీసీకి అదే తరహా గుండ్రటి ప్లగ్గు, కానీ 5 వోల్టులు, మధ్యభాగం ప్లస్. లోపల రెగ్యులేటర్ లేదు. స్పెక్ట్రమ్ అడాప్టర్‌ని సీపీసీకి పెడితే ఆ క్షణమే పోతుంది. రెండూ ఉన్న ఇంట్లో ప్లగ్గులకి రంగు టేపు చుట్టి ఉంచండి.

బీబీసీ మైక్రో, ఆపిల్ 2 లాంటి వాటిలో పవర్ సప్లై పెట్టె లోపలే ఉంటుంది. వీటిలో పసుపు ఛాయ పారదర్శకమైన తొడుగున్న ఫిల్టర్ కెపాసిటర్లు కనిపిస్తే దగ్గరగా చూడండి. రిఫా పేరుతో పిలిచే ఈ కాగితపు కెపాసిటర్ల తొడుగు సన్నగా బీటలు వారుతుంది, బీటల్లోంచి తేమ లోపలికి పోతుంది, కరెంటు పెట్టిన కొన్ని నిమిషాలకి టప్పుమని పేలి గదంతా భరించలేని పొగ నిండుతుంది. బీబీసీ మైక్రోలో ఇవి రెండు: 0.1, 0.01 మైక్రోఫారడ్. బదులు వేసేవి అదే విలువతో, ఎక్స్2 (గోడ కరెంటుకి తగినవని చెప్పే గుర్తు) అని ముద్ర ఉన్నవే కావాలి. అయితే ఆ పెట్టెలోని పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీసేశాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉండొచ్చు. పవర్ సప్లైలు విప్పిన అనుభవం లేకపోతే ఆ పని తెలిసినవాళ్ల చేతికివ్వండి. పాత పిక్చర్ ట్యూబు మానిటర్ విషయంలో ఇంకా కచ్చితంగా చెబుతాం: వెనక మూత అసలు తీయకండి. లోపల ఇరవై వేల వోల్టుల దాకా ఉంటుంది.

పెట్టె విప్పి చూడటం

కరెంటు పెట్టే ముందే లోపలి భాగం చూడాలి. విప్పుతున్నప్పుడు ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. స్క్రూలు ఏ రంధ్రానివి ఆ పక్కనే టేపుకి అంటించుకోండి, పొడవు తేడాలుంటాయి. స్పెక్ట్రమ్ మూత మాత్రం గబుక్కున ఎత్తకండి. కీబోర్డు పొర నుంచి వచ్చే రెండు ప్లాస్టిక్ రిబ్బన్లు బోర్డుకి గుచ్చుకుని ఉంటాయి, ఇన్నేళ్లకి అవి ఎండుటాకుల్లా పెళుసుబారి ఉంటాయి. నిట్టనిలువుగా పైకి లాగి తీయాలి. విరిగినా కొత్త పొరలు దొరుకుతాయి, దిగులక్కర్లేదు.

దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి. బ్యాటరీ ఏదైనా ఉందేమో వెతకండి. అమిగా 500 కింద అర తెరిస్తే దొరికే మెమరీ కార్డు మీద గడియారం కోసం పెట్టిన నికెల్ కాడ్మియం బ్యాటరీ చాలావాటిలో కారిపోయి, చుట్టూ నీలం-ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. ముందు బ్యాటరీని కత్తిరించి తీసేయండి. కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత శుభ్రమైన నీటితో, చివర్లో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. అమిగా 600, 1200ల్లో బ్యాటరీ కాదు, బోర్డుకి అతుక్కుని ఉండే చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే కారతాయి. అవి మార్చక తప్పదు.

అలాగని కనిపించిన ప్రతి మిషన్‌లోనూ కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయడం మేం సమర్థించం. కమడోర్ 64 బోర్డు మీది కెపాసిటర్లు చాలావరకు ఇప్పటికీ బాగానే ఉంటాయి. టంకం వేయడం ఇంకా చేతికి అలవాటు కానివాళ్లు వాటిని మార్చబోయి బోర్డు మీది రాగి చుట్లు ఊడగొట్టుకుంటారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

సాకెట్లలో ఉన్న చిప్పులని ఒక్కొక్కటిగా మెల్లగా పైకి లేపి, కాళ్లు ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ అదిమి పెట్టండి. కాళ్లకి పట్టిన సన్నటి ఆక్సైడ్ పొర వల్లే పనిచేయని మిషన్లు ఎన్నో ఈ పనితోనే లేస్తాయి. లేపేటప్పుడు అటోసారి ఇటోసారి కొంచెం కొంచెంగా, ఒకే వైపు ఎత్తితే కాళ్లు వంగుతాయి. చిప్పు ఒక చివర ఉన్న గాటు ఎటు ఉందో ఫొటోలో చూసి అటే పెట్టాలి. తిరగేసి పెట్టి కరెంటిస్తే ఆ చిప్పు పోయినట్టే. ముట్టుకునే ముందు చేతికి ఎర్త్ పట్టీ కట్టుకోండి.

మొదటి స్విచ్

కార్ట్రిడ్జ్, టేపు, డ్రైవు, జాయ్‌స్టిక్, ఏదీ తగిలించకండి. టీవీ ముందు ఆన్ చేసి సరైన ఇన్‌పుట్‌లో పెట్టి, అప్పుడు కంప్యూటర్ స్విచ్ వేయండి. ఒక చెయ్యి స్విచ్ మీదే ఉండాలి. పది సెకన్లలో తెర మీద ఏమీ రాకపోయినా, ఏ వాసన వచ్చినా ఆపేయండి. బాగానే లేస్తే మెమరీ చిప్పు దగ్గర వోల్టేజి కొలవండి. కమడోర్ 64లో వాడిన 4164 చిప్పుకి 8వ కాలు ప్లస్ 5, 16వ కాలు గ్రౌండ్.

తెర ఏం చూపిస్తుందో అదే జబ్బు పేరు చెబుతుంది. కమడోర్ 64లో అంతా నలుపైతే అనుమానం మొదట పవర్ మీద, తర్వాత పీఎల్‌ఏ చిప్పు మీద, ఆ తర్వాత మెమరీ మీద. ఒక నిమిషం నడిపి ఆపి, ఎనిమిది మెమరీ చిప్పుల మీదా వేలు పెట్టి చూడండి. అన్నీ గోరువెచ్చగా ఉండి ఒక్కటి చురుక్కుమంటే దొంగ దొరికినట్టే. వేలితో తేలకపోతే డెడ్ టెస్ట్ అనే కార్ట్రిడ్జ్ ఉంది. అది తెరని కొన్నిసార్లు మిణుకుమనిపిస్తుంది, ఎన్నిసార్లో లెక్కపెడితే ఏ చిప్పు పోయిందో తెలుస్తుంది.

స్పెక్ట్రమ్ మామూలుగా లేస్తే తెల్ల తెర కింద 1982 ఉన్న కాపీరైట్ వరుస వస్తుంది. దాని బదులు గళ్లు, చారలు నిలిచిపోతే లోపలి 4116 మెమరీ చిప్పుల మూడు సరఫరాలు కొలవండి: 1వ కాలు మైనస్ 5, 8వది ప్లస్ 12, 9వది ప్లస్ 5. మైనస్ 5, ప్లస్ 12 కనబడకపోతే ఆ వోల్టేజిలని పుట్టించే భాగంలో టీఆర్4 ట్రాన్సిస్టర్ పోయి ఉండటం చాలా మామూలు. మైనస్ 5 లేకుండా ఎక్కువసేపు నడిపితే మెమరీ చిప్పులు కూడా పోతాయి, అందుకే వెంటనే ఆపాలి. బీబీసీ మైక్రో ఒక చిన్న మోత, ఒక కీచుతో లేస్తుంది. మోత ఆగకుండా సాగిందంటే లేవలేదని అర్థం. అమిగాలో తెర ఎర్రగా నిలిచిపోతే మెమరీ చిప్పు కాదు, మిషన్ లేచే ప్రోగ్రాం ఉండే రోమ్ చిప్పు చూడాలి. ఆకుపచ్చ అయితే మెమరీ.

చిప్పు మార్చాల్సొస్తే, ముందు పనికిరాని పాత బోర్డుల మీద టంకం తీయడం సాధన చేయండి. పోయిన చిప్పుని మొత్తంగా పీకాలని చూడకండి. దాని కాళ్లన్నీ కటర్‌తో కత్తిరించి, ఒక్కో కాలినీ టంకం వేసే ఐరన్ వేడితో విడిగా తీస్తే బోర్డు క్షేమంగా ఉంటుంది. చిప్పు ఎలాగూ చచ్చిందే, కాపాడాల్సింది బోర్డుని. ఆ చోట సాకెట్ వేయండి. ఐరన్ 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర, టంకం బాగా పారడానికి రాసే ఫ్లక్స్ ధారాళంగా.

బొమ్మ, లోడింగ్

యాంటెనా సాకెట్ ద్వారా వచ్చే బొమ్మతో కళ్లు పాడుచేసుకోకండి. కమడోర్ 64 వెలుగునీ రంగునీ విడివిడిగా ఇస్తుంది, ఎస్-వీడియో కేబుల్ పెడితే అక్షరాలు స్పష్టంగా వస్తాయి. స్పెక్ట్రమ్‌లో యాంటెనా డబ్బాలోకి వెళ్లే, రంగూ వెలుగూ ఒకే తీగలో కలిసి వచ్చే కంపోజిట్ సిగ్నల్‌ని నేరుగా సాకెట్ మధ్య పిన్నుకి కలపడం చిన్న పని. అమిగా, సీపీసీ, బీబీసీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వచ్చే ఆర్‌జీబీ ఉంది, దాన్నే వాడండి. కొత్త టీవీలు కొన్ని ఈ సిగ్నల్‌ని తీసుకోవు, తీసుకున్నా బొమ్మ ఆలస్యంగా వస్తుంది. దానికి విడిగా, పాత సిగ్నల్‌ని కొత్త టీవీకి తగ్గట్టు మార్చే అప్‌స్కేలర్ కావాలి. కొనేటప్పుడు మీ మిషన్ ఇచ్చే సిగ్నల్ రకాన్ని అది తీసుకుంటుందో లేదో చూడండి. ఆర్‌జీబీకి పేరున్న ఓఎస్‌ఎస్‌సీ, ఉదాహరణకి, కంపోజిట్‌ని తీసుకోదు.

స్పెక్ట్రమ్‌కి టేప్‌రికార్డర్ లేకపోయినా ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఇయర్ సాకెట్‌కి కేబుల్ వేసి లోడ్ చేయొచ్చు. వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచండి, నోటిఫికేషన్లు ఆపండి, సౌండ్ ఎఫెక్టులన్నీ తీసేయండి. అంచులో ముందు ఎరుపు, లేతనీలం చారలు వెడల్పుగా, నిదానంగా నడుస్తాయి, అంటే మిషన్ టేపుని విన్నది. తర్వాత నీలం, పసుపు సన్నచారలు గజిబిజిగా పరిగెడితే డేటా వస్తోంది. మొదటి చారలే రాకపోతే వాల్యూమ్ చాల్లేదు. అవి వచ్చి మధ్యలో తప్పు చూపిస్తే వాల్యూమ్ మరీ ఎక్కువైంది, లేదా కేబుల్ వదులుగా ఉంది. 48 కిలోబైట్ల ఆటకి దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది.

రోజువారీ వాడకానికి ఎస్‌డీ కార్డు పరికరాలే సుఖం. కమడోర్ 64కి ఎస్‌డీ2ఐఈసీ, స్పెక్ట్రమ్‌కి డివ్‌ఎంఎంసీ, అమిగాకి ఫ్లాపీ డ్రైవు స్థానంలో గోటెక్. వీటిలో దేన్నైనా మిషన్ ఆపి ఉన్నప్పుడే పెట్టాలి, తీయాలి. స్పెక్ట్రమ్ వెనక బోర్డు అంచుకి తగిలించేవి ఒక్క గీత పక్కకి జరిగినా షార్ట్ అయి చిప్పులు పోతాయి. పాత ఫ్లాపీలు దొరికితే డ్రైవులో పెట్టే ముందు కిటికీలోంచి లోపలి పళ్లెం చూడండి. బూజు మచ్చలుంటే పెట్టకండి, అది డ్రైవు హెడ్‌కి పట్టుకుని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలనీ గీకేస్తుంది.

పసుపుబారిన ప్లాస్టిక్ గురించి అందరూ ముందు అడుగుతారు గానీ, అది చివరి పని. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగితేనే సగం అందం వస్తుంది. 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీము పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, కానీ క్రీము ఎక్కడ ఆరిపోతే అక్కడ మచ్చ పడుతుంది, కొన్నేళ్లకి మళ్లీ పసుపు తిరుగుతుంది. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ఇన్ని పనులయ్యాక కమడోర్ 64 ముందు కూర్చుంటే, ఆట లోడ్ చేసే ముందు ఒక్క వరుస టైపు చేయండి: POKE 53280,0 (పోక్). రిటర్న్ నొక్కగానే తెర చుట్టూ ఉన్న లేతనీలం అంచు నల్లబడుతుంది. చివరి అంకె 0 నుంచి 15 దాకా మార్చి చూడండి, పదహారు రంగులూ వస్తాయి. 53281 అయితే లోపలి తెర మారుతుంది. మీరు టైపు చేసిన అంకె మధ్యలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతీ లేకుండా నేరుగా విక్-2 చిప్పు లోపలికి వెళ్లి కూర్చుంది. లేవబోయేటప్పుడు కంప్యూటర్ స్విచ్ ఆపితే సరిపోదు, అడాప్టర్ లోపల కరెంటు నడుస్తూనే ఉంటుంది. గోడ దగ్గర ప్లగ్గు కూడా తీసేయండి.